తొంభయ్యో మెట్టు

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దసారు మొదట నాకు చదవడం రాదేమో అనుకున్నాడు. "వేలిముద్ర అయినా పరవాలేదమ్మా" అన్నాడు. చదవడం వచ్చు కాబట్టే పెట్టడం లేదని చెప్పాను.

మూడు పేజీల కాగితం అది. భూకంపం ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఊపింది, ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎన్ని పడవలు కొట్టుకుపోయాయి, అన్నీ వరసగా టైపు కొట్టించి తెచ్చాడు. వాటిలో దేనికీ నేను వంక పెట్టలేదు. రెండో పేజీ చివర ఒక వాక్యం ఉంది. "హెచ్చరికను పాటించకపోవడం వల్ల ఒక స్త్రీ మరణించింది." ఆ ఒక స్త్రీ మా అక్క.

ఆ వాక్యం అలాగే ఉండిపోతే, రేపు ఎవరు చదివినా మా అక్క మాట వినని మొండిఘటం, తన చావు తనే కొనితెచ్చుకుంది అనుకుంటారు. అక్కని నేను తిరిగి తేలేను. ఆ వాక్యాన్ని మాత్రం ఉండనివ్వను. మూడు సంతకాలు పడితే తప్ప కాగితం పూర్తి కాదట. నీళ్ళ మనిషిగా నాది ఒకటి, బడి పంతులమ్మది ఒకటి, జెట్టీ గుమస్తాగా మా బావది ఒకటి. పంతులమ్మ "నువ్వు పెడితే నేనూ పెడతా" అని నా వెనక దాక్కుంది. బావ తల వంచుకుని పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు. మిగతా ద్వీపమంతా బడి కిటికీల దగ్గర నిలబడి చూస్తోంది.

జరిగింది జరిగినట్టు చెప్తాను. తర్వాత ఎవరు మాట వినలేదో మీరే అనుకోండి.

మాది చిన్న ద్వీపం. అప్పటికి మూడు వందల పన్నెండు మందిమి. కింద జెట్టీ, జెట్టీ పక్కన వలల షెడ్డు, ఒకే ఒక్క వీధి, ఆ వీధి చివర నుంచి గుట్ట మీదికి రెండు వందల పద్నాలుగు మెట్లు. గుట్ట మీద ఊట ఉంది, ఊట పక్కన ట్యాంకు, ట్యాంకుకి ఆరు కొళాయిలు. వాటన్నిటి మీదా పెత్తనం నాది. నన్ను అందరూ నీళ్ళక్క అంటారు. కింది వీధికి పైపు వేస్తామని నా చిన్నప్పటి నుంచీ చెప్తున్నారు. నాకు ఇప్పుడు జుట్టు నెరిసింది.

ఊట ఎవరి మాటా వినదు. ట్యాంకు ఎప్పుడు నిండితే అప్పుడే నీళ్ళు. పొద్దున్నే నిండొచ్చు, మిట్టమధ్యాహ్నం నిండొచ్చు, ఒక్కోసారి రెండు రోజులైనా నిండదు. నిండగానే నేను సుత్తి తీసుకుని రైలు పట్టా ముక్క మీద కొడతాను. రైలు మొహం చూడని ద్వీపానికి రైలు పట్టా ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అది మోగిందంటే మాత్రం పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే, కత్తెరలో ఉన్న గుడ్డ కత్తెరలోనే. బిందెలు చంకన పెట్టుకుని మెట్లెక్కడమే. ముందొచ్చిన వాళ్ళకి నీళ్ళు, వెనకొచ్చిన వాళ్ళకి నా తిట్లు. పట్టా చప్పుడు వింటే మా వాళ్ళ కాళ్ళు వాటంతటవే పైకి నడుస్తాయి.

లాంచీ సైరన్ వింటే అవే కాళ్ళు కిందికి నడుస్తాయి. లాంచీ వారానికి రెండుసార్లు వస్తుంది. మా జెట్టీ దగ్గర అలలు కుదురుగా ఉండవు. లాంచీ మీంచి విసిరిన తాడు అందుకుని గుంజకి బిగించడం ఒక్క మనిషి వల్ల కాదు. ఉన్న గుమస్తా బావ ఒక్కడే. అందుకని షెడ్డులో వలలు బాగుచేసే ఆడవాళ్ళు చేతిలో పని పడేసి వచ్చి తాడు పట్టుకుంటారు. వాళ్ళలో మొదటి చెయ్యి మా అక్కది. తుంటి నొప్పితో ఇరవై అడుగులకొకసారి ఆగే మనిషి, సైరన్ వింటే ఆ కాస్త దూరం ఆగకుండా వెళ్ళేది. గుంజకి తాడు మూడు చుట్లు చుట్టి, "ఇంక మీ మహారాజుల్ని దింపుకోండి" అని బావతో అనేది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

బావని ద్వీపమంతా రూళ్ళకర్ర అంటుంది. ఆయన వినేలాగే అంటుంది. రిజిస్టరులో ఒక అంకె దిద్దితే పేజీ అంతా మళ్ళీ రాసే రకం. పైనుంచి కాగితం వస్తే దాన్ని ముందు నిలబడి చదువుతాడు, తర్వాత కూర్చుని చదువుతాడు. అక్క ఆయన్ని ఆటపట్టిస్తూనే కాపురం చేసింది. "మీ బావకి ఆకలేసినా పైనుంచి ఆర్డరు రావాలే" అనేది నాతో. ఆయన విని నవ్వేవాడు. ఆ మాట కూడా చెప్పాలి, నవ్వేవాడు.

పోయినేడాది పై ఆఫీసు వాళ్ళు ప్రమాద హెచ్చరిక కోసమని ఒక సైరన్ పంపించారు. కరెంటు స్తంభం జెట్టీ దగ్గరే ఉందని దాన్ని అక్కడే బిగించారు. గట్టి సైరనే, గుట్ట అవతల వాళ్ళకి కూడా వినిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. దాని కూత అచ్చం లాంచీ కూతలాగే ఉంది.

పరీక్ష చేస్తామని పెద్దసారు స్వయంగా వచ్చి మీట నొక్కాడు. పది నిమిషాల్లో ద్వీపమంతా జెట్టీ మీద ఉంది. దర్జీ తనకి రావాల్సిన దారాల పెట్టె కోసం వచ్చాడు. పంతులమ్మ ఉత్తరాల కోసం వచ్చింది. అక్క తాడు కోసం రెండు చేతులూ చాపి నిలబడి, "ఏవే, లాంచీ ఏదే" అని నన్నడిగింది. పెద్దసారు అందర్నీ లెక్కపెట్టుకుని, మొహం వెలిగిపోతుంటే, "వంద శాతం స్పందన" అని రాసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సార్, వీళ్ళు లాంచీ వచ్చిందనుకుని వచ్చారు" అన్నాను.

"ఏదనుకుంటేనేం, వచ్చారు కదమ్మా."

"భూకంపం వస్తే సముద్రం దగ్గరికి రావడం కాదు కదా సార్ కావాల్సింది. పైకి పోవాలి. సైరన్ గుట్ట మీద పెట్టండి, లేకపోతే కూత మార్చండి."

"నువ్వు నీళ్ళ సంగతి చూసుకోమ్మా. ఇది మా సంగతి" అన్నాడు ఆయన. బావ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "పైనుంచి వచ్చినదాన్ని మార్చడానికి మనమెవరం" అన్నాడు. నెత్తీ నోరూ కొట్టుకుని ఊరుకున్నాను. ఆ సాయంత్రం అక్కతో మాత్రం గట్టిగా చెప్పాను. నేల ఊగితే ఏ సైరన్నూ వినకు, పట్టా మోగితే నువ్వు కూడా పైకి రా అని. అక్క పట్టా వింటే పైకి వచ్చేది కాదు. ఆమె వాటా నీళ్ళు ఎప్పుడూ నేనే మోసుకెళ్ళి వంటింట్లో పెట్టేదాన్ని. "ఆ మెట్లెక్కేసరికి నాకు పావుగంట పైనే పడుతుంది, తెలుసా" అంది. "పడితే పడనీ, మధ్యలో కూర్చో, లేచి మళ్ళీ ఎక్కు" అన్నాను. సరేనంది. తొంభయ్యో మెట్టు దగ్గర చిన్న అరుగుంది, అక్కడ కూర్చుంటానంది.

ఆ రోజు పొద్దున పదిన్నర. నేను ఊట పక్కన కూర్చుని కొళాయి వాషర్లు మారుస్తున్నాను. గుట్టని చాటలో వేసి చెరిగినట్టనిపించింది. వాల్వు చక్రాన్ని కావలించుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వంద దాటింది, ఇంకా ఊగుతూనే ఉంది. ట్యాంకు పక్కగోడ నిలువునా చీలి నీళ్ళు నా మొహాన కొట్టాయి. ఊపు తగ్గాక లేచి చూస్తే వీధి మీద దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. షెడ్డు రేకుల కప్పు మాత్రం నిలబడే ఉంది. అక్క బతికే ఉందనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు.

బడి పుస్తకంలో ఉన్న ముక్కే. నేల అంతసేపు ఊగితే తర్వాత వచ్చేది సముద్రం. కింద బావ ఏం చేస్తుంటాడో కళ్ళకి కట్టినట్టు తెలుసు. వైర్‌లెస్ ముందు కూర్చుని, సైరన్ మోగించడానికి అనుమతి అడుగుతుంటాడు. అనుమతి వస్తుంది. ఆయన మీట నొక్కుతాడు. అందరూ సముద్రం దగ్గరికి పరిగెడతారు.

పట్టా కొట్టడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సుత్తి తీసుకున్నాను.

దుమ్ములోంచి ఒక్కరొక్కరే రావడం కనిపించింది. అప్పటిదాకా వీధిలో కూలబడి ఉన్నవాళ్ళు, ఏం చేయాలో తోచక తిరుగుతున్నవాళ్ళు, పట్టా చప్పుడు వినగానే లేచారు. ఇల్లు సగం కూలినవాడు ఆ సగంలో దూరి బిందె తెచ్చుకున్నాడు. దర్జీ అందరికంటే ముందు ఎక్కాడు.

"నిన్ననే కదా పట్టుకున్నాం నీళ్ళక్కా" అన్నాడు రొప్పుతూ.

"ట్యాంకు పగిలింది. నీళ్ళు పోతున్నాయి. కిందకెళ్ళి ఇంకా ఎవరైనా ఉంటే తోలుకురా."

వాడు మళ్ళీ దిగాడు. ఆ రోజు ఎవరూ నన్ను ఎందుకని ఎదురు ప్రశ్న వేయలేదు. నీళ్ళు పోతున్నాయంటే మా వాళ్ళకి అంతకుమించి కారణం అవసరం లేదు.

మెట్ల మీద జనం బారులు తీరారు. వాళ్ళ వెనక, బిందె లేకుండా, చేతికర్రతో అక్క. ఇరవై మెట్లకి ఒకసారి ఆగుతూ వస్తోంది. ఆమె ఆగినప్పుడల్లా నేను ఇంకా గట్టిగా కొట్టాను. అలా చూస్తుండగానే తొంభయ్యో మెట్టు దగ్గర అరుగు మీద కూర్చుంది. కర్ర పైకెత్తి నాకు చూపించింది. వస్తున్నానులే, చెవులు పగలగొట్టకు అని. ఆ కర్ర భాష నాకు తెలుసు.

అప్పుడు సైరన్ మోగింది.

మెట్ల మీదున్న జనం మొత్తం ఆగిపోయారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. లాంచీ వచ్చింది, మనల్ని తీసుకుపోవడానికే వచ్చింది అన్నారెవరో. కింది వైపున్న నలభై మంది దాకా వెనక్కి తిరిగారు. నేను ట్యాంకు గోడ ఎక్కి నా జన్మలో అరవనంత గట్టిగా అరిచాను. "కిందికి పోయినవాడికి నెల రోజులు నీళ్ళు బంద్. మొహం చూసి పెట్టుకుంటున్నా ఒక్కొక్కడిదీ. తర్వాత కాళ్ళు పట్టుకున్నా చుక్క పొయ్యను." అరుస్తూనే ఒక చేత్తో పట్టా కొడుతున్నాను. నలభై మందీ నన్ను తిట్టుకుంటూ పైకి తిరిగారు. నీళ్ళక్క ఎంత రాక్షసో వాళ్ళకి తెలుసు.

ఆ బెదిరింపు అక్క మీద ఎలా పనిచేస్తుంది? ఆమె నీళ్ళు మోసేది నేనే కదా.

అక్క అరుగు మీంచి లేచింది. పక్కనుంచి చివరి మనుషుల్ని తోలుకొస్తున్న దర్జీతో, "లాంచీ వచ్చినట్టుంది, ఆయనొక్కడే ఉన్నాడు, తాడు అందుకోవాలి" అందట. వాడు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుందట. దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు ఆగిన మనిషి దిగేటప్పుడు ఒక్కచోటా ఆగలేదు.

నేను "అక్కా" అని అరిచాను. ఆ సైరన్ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. కొట్టడం ఆపి పరిగెడితే నలభై మంది మళ్ళీ వెనక్కి తిరుగుతారు. ఆపకపోతే అక్క వెళ్ళిపోతుంది. సుత్తి ఎవరి చేతికైనా ఇచ్చి వెళ్ళాల్సిందని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు తోచలేదు. నేను కొడుతూనే ఉన్నాను. ఈ సంగతి నేను ఎవరి దగ్గరా దాచలేదు, నా దగ్గర కూడా దాచుకోను.

ఆ సైరన్ మీట మీద వేలు ఉన్నంతసేపే మోగుతుంది. ఉన్నట్టుండి ఆగింది. తన వైపు వస్తున్న అక్కని బావ చూశాడు. మీట వదిలేసి, పైకి పో, పైకి పో అని రెండు చేతులూ ఊపుతూ ఆమెకి ఎదురు పరిగెత్తాడు. ఇద్దరి మధ్యా మూడు పడవల దూరం ఉండగా సముద్రం జెట్టీ మీదికి ఎక్కింది. బావని తెచ్చి మెట్ల కమ్మీల మీద పడేసింది, కుడి చెయ్యి విరిగింది. అక్క మర్నాడు షెడ్డు వెనక వలల్లో దొరికింది.

నీళ్ళు నలభయ్యో మెట్టు దాకా వచ్చాయి. అక్క తొంభయ్యో మెట్టు మీద ఉంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బావతో నేను మాట్లాడలేదు. ఆయన్ని చూస్తే గొంతు నులిమేయాలన్నంత కోపం వచ్చేది. ట్యాంకు చీలికకి సిమెంటు పూసి, ఊట నీళ్ళు మళ్ళీ పట్టడం మొదలుపెట్టాను. బావ వాటా బిందె గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేసేదాన్ని. ఎడం చేత్తో ఆ బిందె లోపలికి ఈడ్చుకుంటున్న చప్పుడు వీధి మలుపు దాకా వినపడేది. వెనక్కి వెళ్ళి సాయం చేసేదాన్ని కాదు.

పదో రోజు పెద్దసారు వచ్చాడు. దుప్పట్లు తెచ్చాడు, మందులు తెచ్చాడు, అందర్నీ పేరుపేరునా పలకరించాడు. చెడ్డమనిషేం కాదు. చివర్లో ఈ కాగితం తీశాడు.

"సంతకం పెట్టకపోవడానికి కారణం చెప్పమ్మా" అన్నాడు ఓపిగ్గా.

"హెచ్చరిక అంటే ఏది సార్?"

"సైరనే."

"అది మోగేసరికి అందరూ మెట్ల మీదో నా కొళాయిల దగ్గరో ఉన్నారు. మోగాక నలభై మంది వెనక్కి తిరిగితే నోటికొచ్చినట్టు తిట్టి ఆపాను. మీ హెచ్చరిక పాటించకపోబట్టే మేమంతా ఇక్కడ నిలబడి ఉన్నాం. పాటించింది మా అక్క ఒక్కతే."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ బాధ నాకు అర్థమైంది. కానీ పట్టా మోగించడానికి నీకు అనుమతి ఎవరిచ్చారు? రెండు చప్పుళ్ళతో జనం గందరగోళపడ్డారని నేను రాయగలను."

"రాయండి. కానీ మా అక్క మాత్రం గందరగోళపడలేదు. ఏ చప్పుడుకి ఏం చెయ్యాలో ఆమెకి బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళు చేసింది."

"ఇలా అయితే ట్యాంకుకి వేరే మనిషిని చూడాల్సి వస్తుంది."

"చూడండి సార్. వచ్చే మనిషికి మోకాళ్ళు గట్టివో కాదో కూడా చూసి పంపండి."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు మొహం ఎర్రబడింది. నాతో లాభం లేదనుకుని కాగితం బావ ముందుకి జరిపాడు. "మీరు పెట్టండి. మీరు పెడితే వీళ్ళూ పెడతారు. మీరు నిబంధన ప్రకారమే చేశారు, అనుమతి రాగానే మోగించారు. కాగితంలో మీ మీద మచ్చ లేదు."

"పెన్ను ఇవ్వండి సార్" అన్నాడు బావ. తొమ్మిది రోజుల తర్వాత నేను విన్న ఆయన మొదటి మాట అది. పైనుంచి వచ్చిన కాగితం మీద రూళ్ళకర్ర సంతకం పెట్టక ఏం చేస్తాడనుకున్నాను.

ఆయన మూడో పేజీకి వెళ్ళలేదు. రెండో పేజీ చివర ఆగాడు. ఎడం చేత్తో ఆ వాక్యం మొత్తం అడ్డంగా కొట్టేశాడు. దాని పైనున్న కాస్త ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఇది రికార్డు. కొట్టివేతలు చెల్లవు" అన్నాడు పెద్దసారు.

"చెల్లవని తెలుసు సార్. ఆ రూలు ఈ ద్వీపంలో అందరికీ నేర్పింది నేనే."

"ఇది మీ మెడకే చుట్టుకుంటుంది. ఉద్యోగం పోవచ్చు."

"చుట్టుకోవాలనే రాస్తున్నాను" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

రాయడం అయ్యాక కాగితం నా వైపు తిప్పాడు. వంకరటింకర అక్షరాలు, బడిలో చేరిన కొత్తలో పిల్లలు రాసినట్టు. "నా భార్య సైరన్ విని, తాడు పట్టుకోవడానికి నా దగ్గరికి వచ్చి చనిపోయింది. సైరన్ మోగించింది నేను."

రెండుసార్లు చదివాను. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, దాని పక్కనే నా సంతకం పెట్టాను.